మ్యూజియంలో ఎంగిలి బొటనవేలు

నా చదువు వల్ల మా ఇంటికి జరిగిన నష్టం గురించి చెబుతాను. చదువు లేనివాడు వెధవపని చేస్తే ఊళ్లోవాళ్లు నాలుగు రోజులు నవ్వి మరిచిపోతారు. నేను డిగ్రీ రెండో సంవత్సరం వెలగబెడుతూ, సముద్రాలు దాటి, లండన్ నడిబొడ్డున చేశాను. ఆ మ్యూజియం పేరు మాత్రం అడక్కండి. పాపం దానిదేం తప్పు లేదు. తప్పంతా నాది, పరువు మా నాయనది. మీరు మాత్రం హాయిగా నవ్వండి, నేను ఏమీ అనుకోను. నలభై ఏళ్లుగా అలవాటైపోయింది.

డెబ్బైల చివర్లో మా అనంతపురం జిల్లాకు కరువు పేరు చెప్పి పశువులకు గడ్డి వచ్చేది, మనుషులకు మట్టి తవ్వే పని వచ్చేది. వాటి వెనకే జీపుల్లో తెల్లవాళ్లు వచ్చి, బీటలు వారిన చేలను, ఎండిపోయిన వేరుశనగ కట్టెను ఫోటోలు తీసుకుని పోయేవాళ్లు. ఆ ఫోటోలు చూసి లండన్‌లో ఏదో కాలేజీ వాళ్లకు కడుపు తరుక్కుపోయిందట. "ఆ జిల్లా విద్యార్థులను ఎనిమిది మందిని పంపండి, మూడు వారాలు మా దేశం చూపిస్తాం" అని మా కాలేజీకి ఉత్తరం రాశారు. గడ్డి ఎలా వచ్చిందో నా లండన్ ప్రయాణమూ అలాగే వచ్చింది.

దరఖాస్తు ఫారంలో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉంది. నా కొంప ముంచింది ఆ గడే. మా నాయన ధర్మవరంలో మగ్గం నేసేవాడు. అదీ కూలికి. సావుకారు పట్టూ జరీ ఇస్తే, గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని చీర నేసి ఇచ్చేవాడు. హాస్టల్లో నన్ను 'గుంత రామాంజి' అనేవాళ్లు. ఆ కసి కొద్దీ నేను ఆ గడిలో 'పట్టు వర్తకుడు' అని ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. కరువు జిల్లా పేదపిల్లల కోసం పెట్టిన ప్రయాణానికి పట్టు వర్తకుడి కొడుకునని రాసి దరఖాస్తు చేసుకున్న మేధావి భూమ్మీద నేనొక్కడినే అయి ఉంటాను. ఆ గడిని ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది. చదివి ఉంటే నన్ను అప్పుడే తన్ని తరిమేసేవాళ్లు, మా నాయన బతికిపోయేవాడు.

నాతో పాటు వచ్చినవాళ్లలో మస్తాన్ అని కళ్యాణదుర్గం కుర్రవాడు నా రూమ్మేటు. వాళ్ల నాయనది సైకిల్ షాపు. మస్తాన్ ఆ గడిలో 'పంక్చర్లు వేస్తాడు' అని రాశాడు. మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేసినవాడు, మా నాయన మగ్గం పక్కన కూర్చుని కబుర్లు చెప్పినవాడు. నా ఫారం చూసి నోరు తెరిచాడు.

"ఏమిరా, మీ నాయన వర్తకుడు ఎప్పుడైనాడు?"

"నోర్మూసుకో. రాసేసినా. ఇప్పుడు మారిస్తే కేసు పెడతారు."

"కేసా! గడిలో రాసినదానికి కేసేందప్పా?"

"గవర్మెంటుది. నీకు తెల్దులే."

పాపం, నమ్మాడు. మమ్మల్ని తీసుకుపోయిన సరోజినమ్మ మేడం మా ఇంగ్లీషు లెక్చరరు, గుంటూరు వైపు మనిషి. ఆవిడకు నా సంగతి ఏదీ తెలియదు. ఎనిమిది మందిని తీసుకుపోయి ఎనిమిది మందినే వెనక్కి తేవాలన్న దిగులుతో ఆవిడకు ఆ మూడు వారాలూ నిద్రే లేదు.

మ్యూజియానికి పోయిన రోజు పొద్దున్నుంచీ వాన. అక్కడివాళ్లంతా గొడుగులు వేసుకుని పరుగులు పెడుతుంటే, మేం ఎనిమిది మందిమీ మెట్ల మీద మొహాలు పైకెత్తి నిలబడ్డాం. "లోపలికి రండ్రా, జ్వరాలొస్తాయి!" అని మేడం మొత్తుకుంటోంది. "ఉండండి మేడం, ఇంత వాన మా గార్లదిన్నెలో పడుంటే రెండు పంటలు చెనిక్కాయలు పండేవి" అని ఒకడు ఏడుపు మొహం పెట్టాడు. తడిసి ముద్దయి లోపలికి పోతే, నీళ్లు కారుతున్న మమ్మల్ని చూసి కాపలావాళ్లకు అప్పుడే మా మీద ఒక అభిప్రాయం ఏర్పడింది.

మొదటి గదుల నిండా పటాలూ బొమ్మలూ. సగానికి సగం ఒంటి మీద నూలుపోగు లేనివి. మేడం "అందరూ కింద నేల చూసుకుంటూ నడవండి, నేల కూడా చాలా చరిత్ర ఉన్నదే" అంది. నాకు మాత్రం వర్తకుడి వేషం గుర్తొచ్చి, "ఇంతమందికి బట్టలు కావల్ల. మా ఊరికి ఆర్డరిస్తే మగ్గాలకు పదేండ్లు పని" అన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు నేను వేసిన ఆఖరి జోకు అదే.

మధ్యాహ్నం గుడ్డల గదికి వచ్చాం. తివాచీలు, రాజుల అంగీలు, ఏవేవో తెరలు. గది చివర తాడు కట్టిన చోట, గోడ పొడుగునా పరిచి వేలాడదీసిన పట్టుచీర కనిపించింది. వంకాయ రంగు, చిలకపచ్చ అంచు. దాన్ని చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. నేను పదో తరగతిలో ఉండగా ఆ రంగు పట్టు మా ఇంట్లో మగ్గం మీద ఉండేది. సావుకారు అంగట్లో ఎవరో తెల్ల దొరసాని ఆ చీరను కొనుక్కుపోయిందని మా నాయన నెల రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

"రేయ్ మస్తాన్, ఈ చీర మా నాయనది రా!"

"మీ నాయన చీర కడతాడా?"

"నేసినాడు రా! నేసినాడు! మా ఇంట్లో!"

"ఛత్, ధర్మవరంలో అందురూ ఇట్లాంటివే నేస్తారు. యాడో చూసినట్లుంటాదిలే."

ఇప్పుడు మీకు మా నాయన పిచ్చి ఒకటి చెప్పాలి. నేసే ప్రతి చీరలోనూ అంచు లోపలివైపు ఒకే ఒక్క నల్ల పోగు వేసేవాడు. పైకి కనిపించదు, తిరగేస్తేనే తెలుస్తుంది. సావుకారు చాలాసార్లు కేకలేశాడు. "ఏమప్పా, ఈ నల్ల పోగేంది? తప్పు పడిందా?" అంటే, "తప్పు గాదు సామీ, దిష్టిపోగు. నా చేతుల్లోంచి పోయినాక దాన్ని ఎవురు చూసుకోవల్ల?" అనేవాడు మా నాయన. ఊరి మొత్తమ్మీద ఇంకెవరికీ ఆ అలవాటు లేదు.

ఆ పోగు ఉందో లేదో చూడకపోతే నా ప్రాణం పోయేటట్టుంది. మా ధర్మవరంలో చీరను దూరం నుంచి కళ్లతో చూడటమనేది లేదు. చేత్తో చూస్తాం, తిరగేసి చూస్తాం. తాడు కింద దూరాను. అంచు పట్టుకుని తిప్పాను. పచ్చ మధ్యలో చీమల బారులాగా సన్నగా నల్ల పోగు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడితో ఆపి, ఇవతలికి వచ్చేసి ఉంటే ఈ కథే లేదు.

కానీ చేతిలో జరీ ఉంది. జరీ చేతిలో పడితే మావాళ్లు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. బొటనవేలు నోట్లో పెట్టి తడి చేసుకుని, జరీ మీద గట్టిగా రుద్దాను. నిఖార్సైన జరీ అయితే రంగు దిగదు. ప్రపంచంలోనే పేరున్న మ్యూజియంలో, మూడేళ్లుగా ఎవరి ఊపిరీ తగలకుండా దాచుకున్న చీర మీద, కన్నతండ్రి నేసిన చీర మీద, ఉమ్మి వేసి పరీక్ష చేశాను. రంగు దిగలేదు. తృప్తిగా "అసలుదే" అన్నాను.

అప్పుడు ఊదారు విజిలు. కాపలామనిషి వెనక నుంచి వచ్చి నా కాలరు పట్టుకున్నాడు. ఇంకొకడు ఎక్కడో గంట కొట్టాడు. సందర్శకులంతా పటాలు వదిలేసి నన్ను చూడటానికి వచ్చారు. మేడం గుండె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"రామాంజనేయులూ! ఏం చేశావురా?"

"ఏం చేయలేదు మేడం. జరీ చూసినా."

"చూస్తే ఈయన ఉమ్మేశాడంటాడేమిట్రా?"

"ఉమ్మి కాదు మేడం, ఎంగిలి."

ఆ రెంటికీ తేడా ఇంగ్లీషులో చెప్పడం ఆవిడ వల్ల కాలేదు. మమ్మల్ని ఒక ఆఫీసుకు తీసుకుపోయారు. మేడంను పక్క గదిలో కూర్చోబెట్టి ఏదో సంజాయిషీ కాగితం రాయించుకుంటున్నారు. నన్ను ఆ గుడ్డల విభాగం చూసే తెల్లజుట్టు దొరసాని ముందు నిలబెట్టారు. మస్తాన్ సాక్షినంటూ నాతోనే వచ్చేశాడు.

ఆవిడ నిమ్మళంగా అడిగింది. "భయపడకండి. చీరకేం కాలేదు. అలా ఎందుకు చేశారు?"

నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉంటుందా? "అమ్మా, అది మా నాయన నేసింది" అంటే చాలు, ఆవిడ కుర్చీ వేసి టీ పోసి ఉండేది. నేనేమన్నాను? "మా అంగట్లో జరీని అలాగే చూస్తాం. మాది ధర్మవరంలో పట్టు వ్యాపారం" అన్నాను. ఫారంలో రాసిన మాట నోట్లో సిద్ధంగా ఉంది, బయటికి వచ్చేసింది.

దొరసాని మొహం వెలిగిపోయింది. నా పేరూ ఊరూ అడిగి పుస్తకంలో రాసుకుంది. తర్వాత చీర దగ్గర ఉండే అట్టముక్క తెప్పించి చూపించింది. 'పట్టుచీర, ధర్మవరం, దక్షిణ భారతం' అని ఉంది. కింద 'నేసినవారు: తెలియదు' అని ఇంగ్లీషులో ఉంది.

"ఈ మాట నాకు నచ్చదు. పక్క గదుల్లో ప్రతి పటం కిందా గీసినవాడి పేరు ఉంది. ఇంత పనితనం ఉన్న మనిషికి పేరు ఎందుకు ఉండకూడదు? అమ్మిన అంగడికి ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. మీరు ఆ ఊరివాళ్లు, ఆ వ్యాపారంలోవాళ్లు. ఇది ఎవరు నేశారో చెప్పగలరా?" అంది.

కలం మూత తీసి పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. నేను చెప్పాల్సింది ఒక్క పేరు. మా నాయన జీవితంలో ఆయన పేరు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా ఎవరూ రాయలేదు.

మస్తాన్ నా డొక్కలో పొడిచాడు. "చెప్పురా! మీ నాయనను అడుగుతాంది!"

"నోర్మూయ్. వర్తకుని కొడుకునని ఇప్పుడే చెప్పినా."

"అయితే ఏమి? ఇప్పుడు నిజం చెప్పు."

"పక్క గదిలో మేడం ఉండాది రా. ఫారం సంగతి బయట పడతాది."

"నీ ఫారం గంగలో కలవనీ! ఆ చీర మీ నాయనదే అంటివి గదా! పేరు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

వాడు దొరసాని వైపు తిరిగి నోరు తెరవబోయాడు. నేను వాడి కాలి మీద కాలేసి నొక్కి, గదంతా వినబడేటట్టు అరిచాను. "తెల్దు! నాకేం తెల్దు! తెల్దు!"

దొరసాని ఉలిక్కిపడి, నెమ్మదిగా నవ్వింది. "తెల్దు?" అంది. "ఎంత చక్కటి పేరు! టి, ఇ, ఎల్... ఆ తర్వాత?"

ఇదంతా పొరపాటున జరిగిందని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉండేది. కానీ ఆవిడ ఏమనుకుందో నాకు అక్కడే అర్థమైంది. సరిదిద్దాలంటే నిజం చెప్పాలి. ఊరుకుంటే గండం గడిచిపోతుంది. నేను గొంతు సవరించుకుని "డి, యు" అన్నాను.

ఆవిడ లేచి నాతో చేయి కలిపింది, అదే ఎంగిలి చేయి. అలా 'తెలియదు' అని ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేను తెలుగులోకి మార్చి వచ్చాను. మేడం దారంతా నన్ను తిట్టింది. మస్తాన్ తిట్టలేదు. లండన్‌లో మేం దిగిన హాస్టల్‌కు చేరాక తువ్వాలు ఆరేస్తూ ఒకే మాట అన్నాడు. "మా నాయన పంక్చర్లేస్తాడు. ఆయన వేసిన పంక్చరుకు ఎవురన్నా పేరు రాస్తామంటే, నేను ఇంతింత అక్షరాలతో రాయించేటోణ్ణి." ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా వాడు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఇంటికి రాగానే నాయన మగ్గం ఆపి, గుంతలోంచి కాళ్లు తీసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అంత దూరం పోయి ఏం చూసినావు నాయనా?"

ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేకపోయాను. "నీ చీర చూసినా. వంకాయ రంగుది. అద్దాల మేడలో పెట్టినారు" అన్నాను.

ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "నా చీరేనా? దిష్టిపోగు ఉండాదా?"

"ఉండాది. తిరగేసి చూసినా."

"నా పేరు రాసినారా?"

ఆయన గొంతు ఎలా ఉందో మీకు చెప్పలేను. "రాసినారు నాయనా" అన్నాను.

ఆ సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. ఆయన గొప్పలు చెప్పే మనిషి కాదు. అయినా ఎదురుపడ్డవాళ్లందరినీ ఆపి, "లండన్‌లో నా పేరు రాసినారంట. మావాడు కండ్లారా చూసి వచ్చినాడు" అనేవాడు. వినేవాళ్లు నన్ను చూసి తలలు ఆడించేవాళ్లు. నాకు చెమటలు పట్టేవి.

ఆరు నెలలకు ఆ మ్యూజియం నుంచి నా పేరు మీద ఒక పుస్తకం వచ్చింది, సాయం చేసినందుకు కృతజ్ఞతగా. నేను అనంతపురంలో కాలేజీలో ఉన్నానేమో అనుకునేరు. సెలవలకు వచ్చి ఇంట్లోనే ఉన్నాను, పక్క గదిలో. పోస్ట్‌మ్యాన్ వెంకటస్వామి మెట్రిక్ పాసైనవాడు. నాయన ఆత్రం ఆపుకోలేక, పుస్తకం ఆయన చేతే విప్పించాడు. చీర బొమ్మ కనిపించింది.

"ఇదే, ఇదే నా చీర! కింద ఏమని రాసినారో చదువప్పా."

"పట్టుచీర, ధర్మవరం. నేసినోడు..." వెంకటస్వామి ఆగాడు. "తెల్దు."

"నీకు తెల్దని నాకెరుకలే. ఆడ ఏముండాదో చదువు."

"చదివితిని గదన్నా. తెల్దు."

"చదువొచ్చునా రాదా నీకు?"

"వచ్చును. తెల్దు అనే రాసినారు."

"తెల్లోళ్లకు తెలుగు యాడిదప్పా?"

"అదే నాకూ తెల్దు."

నవ్వొస్తోందా? నాకూ ఇప్పుడు చెబుతుంటే వస్తుంది. అప్పుడు మాత్రం తలుపు వెనక నిలబడి గోడను పట్టుకున్నాను. నాయన పుస్తకాన్ని తీసుకుని ఆ నల్లటి అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మావాడు చూసి వచ్చినాక ఎవురో మనోడే పోయి మార్చి చెప్పినట్లుండాడు. వానికి తెల్దు పాపం. నాకు తెల్సు గదా. రామాంజీ, ఇటు రా, జాబు రాయి."

ఆయన చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. 'అయ్యా, ఆ చీర నేసింది నేను. అంచు లోపల నల్ల పోగు ఉంటుంది, అది నా గుర్తు. తెల్దు అనేవాడు ఎవడూ లేడు. దయచేసి నా పేరు రాయండి.' కింద ఆయన తెలుగులో సంతకం పెట్టాడు. ఒక్కొక్క అక్షరం నేసినట్టే, నిదానంగా. మూడు నెలలకు జవాబు వచ్చింది. ఈసారి నన్నే చదవమన్నాడు.

"వాళ్లు ఏమంటారంటే... నీ జాబుకు చాలా సంతోషమంట. కానీ పేరు మార్చేదానికి కాదంట."

"ఎందుకు కాదు?"

"ధర్మవరం పట్టు వర్తకుల ఇంటి మనిషి, బాగా తెలిసినవాడు, స్వయంగా వచ్చి, చీరను పరీక్ష చేసి చెప్పిన పేరంట అది."

"వర్తకుడా? ఏ వర్తకుడు? పేరు రాయలేదా?"

"రాసినారు."

"చదువు."

నా నోట్లోంచి "తె..." అని సగం మాట బయటికి వచ్చింది. ఇంకోసారి ఆ మాట అనడానికి నోరు సిద్ధంగానే ఉంది. ఎందుకో నాలుక మడతపడింది. కాగితం వైపు చూస్తూ, "రామాంజనేయులు" అని చదివాను.

మగ్గం కర్రల మధ్యలోంచి ఆయన నన్ను చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది, చేయి చేసుకుని ఉంటే ఇంకా బాగుండేది. మళ్లీ గుంతలోకి కాళ్లు పెట్టుకుంటూ, "వర్తకుడే మరి" అన్నాడు. "అమ్మినాడు."

ఇక ఆ మాట మా ఇంట్లో ఎత్తలేదు. ఊరు మాత్రం వదిలిపెడుతుందా! వెంకటస్వామి పుణ్యమా అని మా నాయనకు పోయేదాకా 'తెల్దన్న' అన్న పేరు నిలిచిపోయింది. పిలిస్తే పలికేవాడు కూడా. ఆయన పోయాక నేను నా పేరుతో, నేను చేసిన వెధవపనంతా విడమరిచి మ్యూజియానికి రెండు ఉత్తరాలు రాశాను. ఆ దొరసాని అప్పటికే పని మానేసిందట. మీ వివరాలు ఫైలులో పెట్టాం అని జవాబిచ్చారు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ధర్మవరం మగ్గాల సాక్షిగా ఇందుమూలంగా ఒట్టు పెట్టుకుంటున్నాను. ఈ జన్మలో ఏ మ్యూజియంలోనూ వేలు నోట్లో పెట్టను. ఏ ఫారంలోనూ గడి దాటి గొప్పలకు పోను. మా నాయన పేరు ఎవరడిగినా చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. ఆయన పేరు కదిరప్ప. రాసుకోండి, స్పెల్లింగు కూడా నేనే చెబుతాను.